చిన్న గది తప్పు కాదు, చిన్న జాగా తప్పు

జనవరిలో మా బడి హాజరు పట్టీ తీస్తే ఒక్కో పేజీలో సగం గైర్హాజరు గుర్తులే. గోనెగండ్ల, ఆదోని, ఎమ్మిగనూరు వైపు పనిచేసే టీచర్లెవరికీ ఇది కొత్త కాదు. పత్తి తీత కాగానే జనం గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి పోతారు. పిల్లలూ వెంట పోతారు. వానల్లేక, పనుల్లేక పోతున్నారని మనం రాసుకుంటాం. అది నిజమే. కానీ తిరిగొచ్చిన పిల్లలను కూర్చోబెట్టి అడిగితే ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ‘‘స్లాబు అప్పుకు పోయినాం సార్.’’

కొత్త ఇంటి అప్పు తీర్చడానికి ఆ కొత్త ఇంటికే తాళం వేసి పోతున్నారు. ఇల్లు బిడ్డను బడికి దగ్గర చేయాలి. మన తండాల్లో, ఎరుకల వాడల్లో అదే ఇల్లు బిడ్డను బడికి దూరం చేస్తోంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన పెద్దలు ఇంటిని ఎప్పుడూ ఒక్కసారిగా కట్టలేదు. ముందు బోదగడ్డి కప్పి కొట్టం వేశారు. ఒక పంట చేతికొస్తే రాళ్లు తోలి గోడ లేపారు. ఇంకో పంటకు దూలాలు తెచ్చి, పైన చౌడు పోసి మట్టిమిద్దె వేశారు. కోడలు వచ్చిన ఏడు పక్కన ఇంకో గది. ప్రతి మెట్టు దగ్గరా నెత్తిమీద ఏదో ఒక కప్పు ఉంది. ఏ మెట్టు కోసమూ ఒక పంటకు మించిన అప్పు చేయలేదు. దీన్ని చదువురాని వాళ్ల పద్ధతి అని మనమే చిన్నచూపు చూశాం.

ఇప్పుడు ఏం చేస్తున్నాం? పట్టా చేతికి రాగానే మూడు గదులకు ముగ్గు పోస్తున్నాం. నల్లరేగడిలో గట్టి నేల తగిలేదాకా తవ్వేసరికే చేతిలో డబ్బు సగం పోతుంది. బేల్దారి అడ్వాన్సు అడుగుతాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. మూడేళ్లలో 1,08,000. అసలు కంటే వడ్డీయే ఎక్కువ. ఈ లెక్క ఆరో తరగతి పిల్లవాడికి వస్తుంది. ఇంట్లో ఎవరూ వాణ్ని అడగరు. గోడలు నడుమెత్తు దగ్గర ఆగిపోతాయి. చువ్వలు వానకు తుప్పు పడతాయి. మనిషి ఆ గోడల పక్కనే మళ్లీ కొట్టం వేసుకుని ఉంటాడు.

తప్పంతా మనవాళ్లదే అనడం అన్యాయం. ప్రభుత్వ పద్ధతే అలా ఉంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. మైదాన ప్రాంతంలో ఇచ్చే సాయం 1 లక్షా 20 వేలు. మంజూరైన 12 నెలల్లో ఇల్లు పూర్తి కావాలి. బేస్‌మెంట్‌కు ఒక బిల్లు, గోడలు లేచాక ఒక బిల్లు, స్లాబు పడ్డాక ఒక బిల్లు. తర్వాతి బిల్లు రావాలంటే ముందు మెట్టు పూర్తి కావాలి. సుగ్గికి పోయి నాలుగు నెలలు ఊళ్లో లేనివాడికి ఆ 12 నెలలు ఎనిమిదే. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వమే మధ్యలో ఆగిన ఇళ్లకు అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, చెంచుల వంటి ఆదిమ తెగలకు లక్ష. మంచిదే. కానీ ఆ ప్రకటన ఒక ఒప్పుకోలు కూడా. ఇచ్చిన డబ్బుకు, అడిగిన ఇంటికి పొంతన లేదని చెప్పినట్టే కదా!

అయితే ఏం చేద్దాం? ముందు ఒక గది కడదాం. కప్పుతో, తలుపుతో, మరుగుదొడ్డితో పూర్తిగా కడదాం. అందులో కాపురం పెట్టి, అప్పు లేకుండా ఊపిరి పీల్చుకుని, తర్వాత పెద్ద ఇంటి మాట ఆలోచిద్దాం.

ఈ మాట అనగానే మన కుర్రాళ్లకు కోపం వస్తుంది. ‘‘ఊళ్లో వాళ్లకు డాబాలు, మాకు ఒంటి గదా? మా తాతలు కొట్టాల్లో బతికింది చాలదా?’’ అంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఎరుకల వాళ్లను, సుగాలీలను నేరస్త తెగలని ముద్రవేసి, పోలీసు హాజరు వేయించుకున్న కాలం మన తాతలు చూసిందే. 1952లో గానీ దేశమంతటా ఆ చట్టం పోలేదు. అలాంటి వాళ్ల మనవలకు గట్టి ఇల్లంటే మేమూ ఈ ఊరివాళ్లమే అనే సాక్ష్యం. దాన్ని వదులుకోమని నేను చెప్పను. మొండిగోడలు ఆ సాక్ష్యం చెప్పలేవనే చెబుతున్నాను. తాళం వేసిన డాబా కంటే దీపం వెలిగే గది గౌరవం.

మంచమున్నంత వరకే కాళ్లు చాపుకోవాలని సుద్దులు చెప్పేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. వాళ్లకు చిన్న గదితోనే మన కథ ముగియాలి. ముందు చిన్నది అనే మాటకు, తర్వాత పెద్దది అనే మాట తోడుంటేనే న్యాయం. రెండో మాట నిలబడాలంటే జాగా కావాలి.

2020 డిసెంబర్ 25న పంపిణీ మొదలైన ఇళ్ల పట్టాల్లో పల్లెకు సెంటున్నర, పట్టణానికి సెంటు. సెంటున్నర అంటే 72.6 చదరపు గజాలు, దాదాపు 653 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కడితే సగానికి పైగా పోయింది. మరుగుదొడ్డి, నీళ్ల తొట్టి, నడిచే దారి పోగా మేకను ఎక్కడ కట్టాలి? పత్తి ఎక్కడ పోయాలి? కొడుకు పెళ్లయితే గది ఏ దిక్కున వేయాలి? ఆ జాగాలో ఇల్లు పుట్టిన రోజే దాని ఎదుగుదల ఆగిపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు అంది. ఆ మూడు సెంట్లు మన తండాల పక్కనే, కొలిచి, రాళ్లు పాతి చూపించేదాకా మనం అడుగుతూనే ఉండాలి.

చిన్న జాగాలోనూ పైకి పెంచుకోవచ్చని అంటారు. నిజమే. ఇండోర్ దగ్గర అరణ్య కాలనీలో వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి 1980లలో ఆ పని చేశారు. పేదలకు చిన్న జాగాతోపాటు అరుగు, మరుగుదొడ్డి వంటి మొదటి అవసరాలు సమకూర్చి, మిగతాది డబ్బు వచ్చినప్పుడల్లా కట్టుకోమన్నారు. ఎలా పెంచుకోవాలో తెలియడానికి 80 నమూనా ఇళ్లు కట్టి చూపించారు. 1995లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది. పెరిగే ఇల్లు గురించి ముందే ఆలోచించారు కాబట్టే అక్కడ ఇళ్లు పెరిగాయి. మనకిచ్చే ప్లానులో మెట్లకు చోటెక్కడ? మేడ మోసే పునాది ఎక్కడ? అయినా పట్టణంలో పైకి పోతే సరిపోతుంది. మేకలున్న ఇంటికి నేలే కావాలి.

అందుకే మనం అడగాల్సినవి మూడు. ఒక గది, కప్పు, మరుగుదొడ్డి పూర్తయితే దాన్ని మొదటి దశ ఇల్లుగా ఒప్పుకుని బిల్లు ఇవ్వాలి. మిగతా సాయం రెండో దశకు నిలిపి ఉంచాలి. సుగ్గి నెలలను గడువులో లెక్కపెట్టకూడదు. పథకంతోపాటు ఉపాధి హామీ కింద రావలసిన 90 రోజుల కూలి ఎవరికీ ఎగ్గొట్టకూడదు.

మనం చేసుకోవాల్సినవీ ఉన్నాయి. గదిని జాగా నడుమ వేయొద్దు, ఒక మూలకు వేయండి. రేపటి గది వచ్చే వైపు గోడలో ఇప్పుడే వాకిలి వదిలి, పైన లింటెల్ వేసి, తాత్కాలికంగా రాళ్లతో మూసుకోండి. రేగడి నేలలో తర్వాత కలిపిన గోడ పగులుతుంది. వీలైతే రెండు గదుల పునాది ఒకేసారి వేసి, ఒక గదే లేపండి. పైన వదిలిన చువ్వలకు సిమెంటు పాలు పూయండి. గచ్చుకు బేతంచర్ల బండలు తర్వాత కూడా పరచుకోవచ్చు.

టీచర్ మిత్రులారా, సెంట్లను గజాల్లోకి మార్చే లెక్క, వడ్డీ లెక్క ఈ ఏడాది మన పిల్లల ఇంటి పట్టాలతోనే చెప్పండి. ఆ లెక్కను రాత్రికి ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించమనండి. ముగ్గు పోయకముందే వినిపించమనండి. వచ్చే జనవరిలో ఒక్క బిడ్డ పేరు పక్కన హాజరు పడినా ఆ లెక్క ఫలించినట్టే.