టీకా మాకు, సంతకం వార్డెన్‌దా?

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో క్యాన్సర్ ముచ్చటేందని అనుకోవద్దు. ఇది మన హాస్టళ్ళ ముచ్చటే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్ళలో చదివిన మాలో చాలామందికి వార్డెన్ సారే తండ్రి లెక్క. అమ్మానాయినలు బొంబాయికో పూణెకో మట్టిపనికి వలసపోతే, స్కాలర్‌షిప్ ఫారం నుంచి పరీక్ష ఫీజు దాకా ఆయన సంతకంతోనే పని నడిచేది. ఆ సంతకం లేకుంటే మా చదువులు ఏడో తరగతిలోనే ఆగేవి. కాబట్టి ఆయన మీద మాకు కోపమేమీ లేదు. కానీ అన్ని కాగితాలూ ఒకటి కావు.

క్యాన్సరంటే బీడీలు, గుట్కాలే అనుకుంటాం. కొన్ని క్యాన్సర్లు వైరస్‌ల వల్ల వస్తాయి. హెపటైటిస్-బి వైరస్ కాలేయాన్ని ఏళ్ళ తరబడి తిని చివరికి క్యాన్సర్‌గా మారుస్తుంది. దానికి మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో టీకా తెచ్చింది. దిగుమతి టీకాకు వందల రూపాయలు పెట్టలేని కుటుంబాలకు అది అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే వేస్తున్నారు. ఒకే బ్లేడుతో నలుగురం గడ్డం గీసుకున్న మా కాలానికి ఆ అదృష్టం లేదు. (ఇప్పటి తమ్ముళ్ళు కూడా ఆ పని చేయొద్దు. రక్తంతో వచ్చే జబ్బులు ఇంకా ఉన్నాయి.)

రెండోది హెచ్‌పీవీ. ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్‌కు ఇదే మూలమని కనిపెట్టినందుకు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. లైంగిక సంబంధం ద్వారా సోకే ఈ వైరస్ చాలామందిలో దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం ఉండిపోయి, పదిహేను ఇరవై ఏళ్ళకు క్యాన్సర్ అవుతుంది. సోకిన తర్వాత టీకా దాన్ని పోగొట్టలేదు. అందుకే ముందుగానే, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయాలంటారు. అంటే సరిగ్గా మన ఆడపిల్లలు హాస్టల్లో ఉండే వయసు.

ఖమ్మం జిల్లాలో జరిగింది గుర్తు చేసుకోవాల్సింది ఇక్కడే. 2009 జూలైలో పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టాయి. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ళ పిల్లలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదివితే మనసు కలుక్కుమంటుంది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లో హెడ్మాస్టర్లో సంతకాలు పెట్టారు.

గుజరాత్‌లో కూడా ఇదే పని జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. పాముకాటు, పురుగుమందు, మలేరియా, నీళ్ళలో మునగడం - ఎక్కువగా బయటపడ్డ కారణాలు ఇవి. పేదపిల్లలు ఎట్లా చనిపోతారో ఆ జాబితా చూస్తే తెలుస్తుంది. కానీ అమ్మను అడగకుండా బిడ్డకు సూది వేసినప్పుడు, ఆ తర్వాత ఏ విచారణ ఏం చెప్పినా ఆ అమ్మ ఎందుకు నమ్మాలి?

ఆ అపనమ్మకానికి ఖరీదు కూడా మనమే కట్టినం. అదే నెలలో, మరో పరిశోధనలో కూడా టీకాలు ఆపించారు. అందులో హైదరాబాద్ కూడా ఉంది. మిగతా డోసులు ఆగిపోవడంతో ఒక్క డోసుతోనే మిగిలిన వేలమంది అమ్మాయిలను శాస్త్రవేత్తలు పదేళ్ళు గమనించారు. ఒక్క డోసు కూడా గట్టిగానే కాపాడుతోందని 2021లో తేల్చారు. ఒక్క డోసు చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోవడానికి ఆధారమైన పరిశోధనల్లో ఇదీ ఒకటి. ప్రపంచానికి పనికొచ్చిన ఆ లెక్క మన దేశపు ఆడపిల్లల ఒంటి మీద తేలినదే. పూణెలోని సీరం సంస్థ 2023లో సర్వావ్యాక్ పేరుతో దేశీయ టీకాను కూడా మార్కెట్లోకి తెచ్చింది.

కాబట్టి మా మాట సూటిగా చెబుతున్నాం. టీకా వద్దని మేము అనం. మా చెల్లెళ్ళకు వేయించాల్సిందే. కానీ హాస్టల్ పిల్లలు ఒక్కచోట దొరుకుతారని, సంతకం సులువుగా దొరుకుతుందని మాత్రం వేయొద్దు. వలసపోయినవాళ్ళు దసరాకో సంక్రాంతికో పీర్ల పండుగకో ఊరికి వస్తారు. అప్పుడు తల్లిదండ్రుల సమావేశం పెట్టి, కాగితంలో ఉన్నది తెలుగులో చదివి వినిపించాలి. రాలేనివాళ్ళకు ఫోన్ చేసి చెప్పాలి. పిల్లను కూడా అడగాలి. సూది వేసినాక జ్వరమొస్తే ఎవరికి చెప్పాలో కార్డు మీద రాసివ్వాలి. వద్దన్న తల్లిని బెదిరించొద్దు, మళ్ళీ ఓపిగ్గా చెప్పాలి.

ఆ సమావేశానికి వచ్చిన అమ్మలను ఊరికే పంపొద్దు. వాళ్ళకు టీకా వయసు దాటింది, పరీక్ష వయసు వచ్చింది. ముప్పై దాటిన ఆడవాళ్ళకు వెనిగర్ లాంటి ద్రావణం పూసి మచ్చ తేలుతుందేమో చూసే చిన్న పరీక్ష ఉంది. మనవాళ్ళు కూలికి పోయే ముంబైలోనే, బస్తీల్లో, డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు ఈ పరీక్ష చేస్తే ఈ జబ్బు చావులు 31 శాతం తగ్గాయని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2014లో ప్రచురించింది. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఒక్క రోజు ఒక నర్సమ్మను హాస్టల్‌కు పంపించమని పూర్వ విద్యార్థులం దరఖాస్తు పెడతాం. దాని మీద సంతకాలు మాత్రం మావే.