పెట్టెలు మారాయి.. పాఠం చేతికి రాలేదు

కర్నూలు, కడప: సీమ ప్రభుత్వ పాఠశాలలకు 2008లో కంప్యూటర్లు వచ్చాయి. 2022లో ట్యాబ్‌లు, 2023లో గోడ నిండే డిజిటల్ తెరలు వచ్చాయి. పదిహేనేళ్లలో పరికరం మూడుసార్లు మారినా, అందులోని పాఠాన్ని ఉపాధ్యాయుడు తన ఊరి పిల్లలకు తగినట్లు మలచుకొనే పరిస్థితి మాత్రం ఏర్పడలేదు. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల అనుభవం ఈ లోపాన్ని స్పష్టంగా పట్టిచూపుతోంది.

బళ్లలో సమాచార సాంకేతికతకు కేంద్రం 2004 డిసెంబరులో పథకం ప్రారంభించగా, ఉమ్మడి రాష్ట్రం 2008లో ఐదువేల ఉన్నత పాఠశాలల్లో అమలుకు పూనుకుంది. ప్రైవేటు సంస్థలే కంప్యూటర్లు నెలకొల్పి, బోధకులను నియమించి, ఐదేళ్ల తర్వాత పరికరాలను బడికి అప్పగించాలన్నది ఒప్పందం. గడువు ముగిసింది, బోధకులు వెళ్లిపోయారు, అనేక చోట్ల గదులకు తాళాలు పడ్డాయి. ఆనాటి బొమ్మల పాఠాల్లో అధిక భాగం ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో రూపొందినవి. 2020 డిసెంబరు 31తో అడోబ్ సంస్థ దానికి మద్దతు నిలిపివేసింది. సీడీ బీరువాలో పదిలంగా ఉన్నా నేటి కంప్యూటర్‌పై పాఠం నడవదు. రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిలో కొన్నింటిని మళ్లీ నడిపించవచ్చు గానీ, ఆ పని ఎవరికి అప్పగించారు?

ఇదే కాలంలో ఇడుపులపాయలో మరో ప్రయోగం సాగింది. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ట్యూరింగ్ పురస్కార గ్రహీత రాజ్‌రెడ్డి. గ్రామీణ విద్యార్థి చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, ముందుగా చిత్రీకరించిన పాఠాలను తెరపై చూపి, సందేహ నివృత్తికి మెంటర్లను నియమించారు. అప్పటికి దేశంలోనే అరుదైన సాహసమది. తెలుగు మాధ్యమంలో పదో తరగతి ముగించి వచ్చిన విద్యార్థి ఆంగ్ల వీడియోను ఆపి ప్రశ్న అడగలేడు కదా. క్రమేణా ప్రత్యక్ష బోధనకే ప్రాధాన్యం పెరిగింది.

ట్యాబ్‌ల కథ ఇటీవలిదే. 2022 జూన్‌లో బైజూస్‌తో ఒప్పందం, అదే ఏడాది డిసెంబరు 21న ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీకి శ్రీకారం. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మెమరీ కార్డులో ముందే నింపిన వీడియోలు ఆ రోజుతో చెరిగిపోవు, నిజమే. అయితే పాఠ్యపుస్తకం మారితే వీడియోను మార్చేదెవరు? తప్పు కనిపిస్తే దిద్దేదెవరు?

బేలం చెప్పే రసాయన పాఠం

సున్నపు తేటలోకి బొగ్గుపులుసు వాయువు పంపితే పాలవలె తెల్లబడుతుంది, ఇంకా పంపితే మళ్లీ తేటపడుతుందని పదో తరగతి విద్యార్థి చదువుతాడు. ఈ రెండో చర్యే కొలిమిగుండ్ల మండలంలోని బేలం గుహలను తొలిచింది. వాన నీటిలో కరిగిన ఆ వాయువు సున్నపురాతిని లక్షల ఏళ్లపాటు కరిగించగా 3,229 మీటర్ల మేర సొరంగాలు ఏర్పడ్డాయి. బేతంచెర్ల నాపరాయి, ఎర్రగుంట్ల సిమెంటు కూడా ఆ రాతి సంతానమే. గని కూలీ బిడ్డ తండ్రి పనిచేసే చోటును ఫోనుతో చిత్రీకరించి, దానికి సమీకరణాన్ని జతచేసి, తన మాటల్లో వివరించగలిగితే అంతకు మించిన బహుళమాధ్యమ పాఠం ఉండదు. ఎక్కడో స్టూడియోలో తయారయ్యే పాఠానికి బేలం ఊసే తెలియదు.

ఇందుకు ఖర్చు పెద్దగా అక్కరలేదు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ ప్రయోగ నమూనాలు ఉచితం. వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తాయి. బల్బు, బ్యాటరీ, తీగలను విద్యార్థే తెరపై కలిపి విద్యుత్ వలయం పరీక్షించుకోవచ్చు. పిల్లలే కథలు, ఆటలు అల్లుకొనే స్క్రాచ్‌ను ఎంఐటీ 2007లో విడుదల చేసింది. 2023లో బిగించిన తెరలపై ఇలాంటి వాటిని నడిపించడానికి సాంకేతికంగా పెద్ద అడ్డంకి లేదు.

సుగ్గి నుంచి తిరిగొచ్చే బాలుడు

అసలు అవసరం పశ్చిమ కర్నూలుది. 2011 జనగణన ప్రకారం కడప జిల్లా అక్షరాస్యత సుమారు 67 శాతం కాగా, కర్నూలుది 60 శాతమే. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు ప్రాంతాల కుటుంబాలు మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు సుగ్గికి తరలిపోతాయి. సీజనల్ హాస్టల్‌లో చోటు దొరకని పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్లి నెలల తరబడి బడికి దూరమవుతారు. తిరిగొచ్చిన బాలుడికి తప్పిపోయిన పాఠాలను తన ఉపాధ్యాయుడి గొంతుతో మళ్లీ వినిపించగల సాధనం కావాలి. ఆదోని కన్నడ మాధ్యమ బడికి, కడప ఉర్దూ బడికి అదే బొమ్మపై వేరే వ్యాఖ్యానం కావాలి. 2020లో కరోనా వేళ సప్తగిరి, ఆకాశవాణి పాఠాలు ఎంతో కొంత ఆదుకున్నాయి గానీ, అవి అందరికీ ఒకటే.

ఉపాధ్యాయుడికి తీరిక ఎక్కడిదన్నది న్యాయమైన ప్రశ్న. హాజరు నుంచి మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోల వరకు అతడి ఫోను యాప్‌లకే అంకితమైన రోజులున్నాయి. పాఠ రచనను విధుల్లో భాగంగా లెక్కించి, అందుకు పీరియడ్లు కేటాయించనిదే ఎవరూ ముందుకు రారు. కర్నూలు శివార్లలోని బి.తాండ్రపాడులో, రాయచోటిలో డైట్ కళాశాలలు ఉన్నాయి. స్థానిక పాఠాలను సేకరించి, దిద్ది, అన్ని బడులకూ మెమరీ కార్డులపై అందించే బాధ్యత అప్పగిస్తే ఆ రెండింటితోనే పని మొదలుపెట్టవచ్చు.