సీమ కిచిడీలో పాలెందుకు?

లాల్‌దర్వాజాలోని మా వైద్యశాలకు గత మాసమున ఒక ఇల్లాలు వచ్చినది. ఇంగ్లండులో చదువుకొని వచ్చిన ఆమె కోడలు అచ్చటి ప్రసిద్ధ ఫలహారమగు కెడ్జరీని ఇంట వండినదట. చేపను పాలలో ఉడికించి అన్నమును, గ్రుడ్లను కలిపినదట. అత్తగారు ఆ గిన్నెను తీసి పారబోయించినది. రెండు దినములుగా ఇద్దరికిని మాటలు లేవు. "శాస్త్రిగారూ, పాలు, చేప కలిపి తినవచ్చునా? మీరే చెప్పండి" అని ఆమె అడిగినది.

నేను శాకాహారిని. అయినను రోగి తినునది తెలియనివాడు పథ్యము చెప్పరాదని మా గురువుగారు అనెడివారు. కనుక విచారించితిని.

కెడ్జరీ యను పేరు మన కిచిడీయే. ఇచ్చట బియ్యము, పప్పు కలిపి వండిన కిచిడీకి అలవాటుపడిన దొరలు ఆ రుచిని తమ దేశమునకు కొనిపోయిరి. అచ్చట పప్పు పోయి చేపయు గ్రుడ్డును చేరినవి. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సైతము చేపల వంటను ఆ పేరుతో పిలుచుట సరికాదన్నది. మా పాతబస్తీలో నేటికిని ఉదయమున మసూరుపప్పు కిచిడీ, ఖీమా, నువ్వులు చింతపండుల ఖట్టా దొరకును. చార్మినారు వీధులలో నడచువారికి వేరొకరు చెప్పనక్కరలేదు.

ఇక ప్రశ్నకు వత్తును. చరకసంహిత సూత్రస్థానము 26వ అధ్యాయమున పాలతో చేపలు తినరాదని స్పష్టముగ నిషేధింపబడినది. రెండును మధురములే, కాని పాలు శీతవీర్యము, చేప ఉష్ణవీర్యము. ఈ వీర్యవిరోధముచే రక్తము దుష్టమగుననియు, స్రోతస్సులు నిరోధింపబడుననియు శాస్త్రము. నవీన వైద్యులు దీనిని అంగీకరింపరు. ఒక పూట తిన్నంతనే బొల్లి వచ్చునని జనులను భయపెట్టుట నాకును సమ్మతము కాదు. అలవాటుగ తినుటను మాత్రము వలదందును.

అయితే కోడలిని తప్పుపట్టుటకు ముందు మరొకటి చూడుడు. 1861లో బీటన్ అను ఇంగ్లీషు గృహిణి ప్రకటించిన వంటల పుస్తకములో ఈ వంటకమునకు చేప, అన్నము, వెన్న, ఆవపిండి, గ్రుడ్లు, ఉప్పు, కారము మాత్రమే కలవు. పాల ప్రసక్తియే లేదు! పాతపద్ధతిలో వండినచో మన శాస్త్రమునకును అభ్యంతరము తక్కువ.

కొర్రమేను ముక్కలను పసుపు, అల్లము వేసిన నీటిలో ఉడికించి ముళ్లు తీయవలెను. నేతిలో ఉల్లిపాయలు వేయించి, పొడిపొడిగ వండిన అన్నమును, చేపను అందు కలిపి, మిరియాలపొడి చల్లి, ఉడికిన గ్రుడ్లు కోసి పైన పెట్టవలెను. వేడిగనే తినవలెను.

శాకాహారులకు అసలు కిచిడీయే చాలును. కాని జ్వరితునకు అది తేలికయని పెట్టుట పొరపాటు. భావప్రకాశము కృసరను గురువు, దుర్జరము అన్నది. జ్వరమున పలుచని జావ, పెసరకట్టు మేలు.

ఆ కోడలు నీటిలో ఉడికించి మరల వండినదట. ముళ్లు సరిగా తీయలేదని అత్తగారు అన్నారట.