దిద్దేసిన తప్పులు

పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేసే అలవాటు మనకి దాదాపు పోయింది. సీసపు అక్షరాలు ఏరి కూర్చే రోజుల్లో ఫారం అచ్చయిపోయాక తప్పు కనబడితే చెయ్యగలిగింది అదొక్కటే. ఒత్తు రాలిపోయేది, దీర్ఘం ఎగిరిపోయేది, ‘ప’ ఉండాల్సిన చోట ‘వ’ కూర్చునేది. ఓపికున్న పాఠకుడు పట్టిక చూసి పెన్సిలుతో దిద్దుకుని మరీ చదివేవాడు. ఇప్పుడు పట్టిక లేదు, తప్పులు మాత్రం వేషం మార్చాయి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని యూనికోడ్‌లోకి మారిస్తే ‘సమయం’ కాస్తా ‘సవుయం’ అవుతుంది, ‘మాట’ ‘వూట’ అవుతుంది. అలాగే అచ్చుకి వెళ్ళిపోయిన పేజీలు మీరూ చూసే ఉంటారు.

అయినా ఇలాంటి వాటితో నాకు పెద్ద పేచీ లేదు. 1631లో లండన్‌లో రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకాస్ అచ్చువేసిన బైబిలులో పది ఆజ్ఞల దగ్గర ఒక ‘వద్దు’ జారిపోయి, వ్యభిచరించమని దేవుడే చెప్పినట్టయింది. 300 పౌండ్ల జరిమానా పడింది, లైసెన్సూ పోయింది. అంతటి తప్పు కూడా తనని తానే పట్టించేసుకుంది. నాకు భయమల్లా శుభ్రంగా కనబడే తప్పంటేనే.

ఒడిశా వైపు తెలుగువాళ్ళకి ఈ రకం బాగా తెలుసు. మనం ‘బరంపురం’ అని రాసి పంపుతాం. విశాఖలోనో విజయవాడలోనో దిద్దేవారు దాన్ని ‘బెర్హంపూర్’ చేస్తారు. అక్కడితో మన ఊరు పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రంతో కలిసిపోతుంది. ఊరి పేరు సరే, ఎవరో ఒకరు గుర్తుపట్టి గోల చేస్తారు. మనుషుల మాటకొస్తే ఆ దిక్కూ లేదు. కథలో ముసలమ్మ ‘బేగి రా’ అంటే పుస్తకంలో ‘వేగంగా రా’ అని దిగుతుంది. ‘ఏటి’ ‘ఏమిటి’ అయిపోతుంది. అప్ప అక్కయిపోతుంది. దిద్దినాయన చెడ్డవాడేం కాదు. ఆయన చెవిన ఆ మాటలు ఎప్పుడూ పడలేదు, కంటికి అచ్చుతప్పుల్లా కనబడ్డాయి, దిద్దేశాడు. పేజీ నున్నగా ఉంది. ముసలమ్మ మాత్రం గుంటూరు నుంచి వచ్చినట్టు మాట్లాడుతోంది. ఇది ఏ తప్పొప్పుల పట్టికకీ ఎక్కదు, ఎందుకంటే పోయిందేమిటో చదివేవాళ్ళకి తెలిసే దారే లేదు.

దిద్దుబాటు మీద తెలుగులో జరిగిన పెద్ద తగవు, గ్రాంథికమా వ్యావహారికమా అన్నది, మన గడ్డ మీదే రాజుకుంది. పర్లాకిమిడి ఇప్పుడు గజపతి జిల్లా గానీ 1992 దాకా గంజాంలోదే. అక్కడ రాజావారి బడిలోనూ కాలేజీలోనూ పాఠాలు చెప్పిన గిడుగు వెంకట రామమూర్తి, సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ళ భాష నేర్చుకున్నారు. మలేరియాకి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు కూడా. వినబడని మనిషి జీవితమంతా వినబడే భాష తరఫున వాదించడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. 1931లో అచ్చయిన ఆయన సవర భాషా గ్రంథం పేరు చూడండి. అచ్చుల నిడివి చూపడానికి రోమన్ అక్షరం పక్కన నిలువుగా రెండు చుక్కలు పెట్టారు. ఆ పేరులో సవరని సూచించే ‘సోరా’ అన్న ఒక్క మాటలోనే ఆ జంట రెండుసార్లు వస్తుంది. సంగతి తెలియని కంపోజిటరుకి అవి తీసి పారెయ్యాల్సిన నలుసులు. తీసేస్తే సవర ఉచ్చారణే పోతుంది.

తెలుగు విషయంలోనూ ఆయన పట్టిన పట్టు అదే. వ్యాకరణంలో లేదు గనక తప్పు అన్న పండితులకి ‘బాలకవి శరణ్యం’లో పాత కవుల ప్రయోగాలు కుప్పపోసి చూపించారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో గ్రాంథికం రాయాలనే వాళ్ళ రాతల్లోనే దోషాలు ఏరి పెట్టారు. కాస్త కఠినంగానే ఏరారు, చదువుతుంటే ఆ పండితుల మీద జాలేస్తుంది. వ్యావహారికమే కదా అని ఒత్తులు గాలికొదిలేసే వాళ్ళు గిడుగు పేరు చెప్పుకుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మాటకి మాట, అక్షరానికి అక్షరం చూసుకునే మనిషి ఆయన.

అందుకని మన వైపు రచయితలకి ఒక మాట. రాతప్రతితో పాటు మీ ఊరి మాటల జాబితా ఒక్క పేజీ పంపండి, ఇవి ముట్టుకోవద్దని పైన రాయండి. ఆఖరి ప్రూఫు మీ చేతికి రాకుండా అచ్చుకి ఒప్పుకోకండి. దిద్దేవారికి అనుమానమొస్తే మార్చెయ్యకుండా పక్కన ప్రశ్నార్థకం పెట్టడం నేర్చుకోవాలి. ప్రచురణకర్తలకి ఇదంతా బరువని నాకు తెలుసు, ప్రూఫులు దిద్దేవారికి ఇచ్చే డబ్బులు ఏపాటివో కూడా తెలుసు. ముందు అవి పెంచాలి. ఇక ‘అచ్చయిపోయింది, ఇప్పుడేం చేస్తాం’ అనే పాత సాకు చెల్లదు. వెయ్యి కాపీలు ఒక్కసారే వేసి అటక మీద పెట్టే కాలం కాదిది, యాభయ్యో వందో డిజిటల్‌లో వేసుకుంటున్నారు. ఈ విడతలో దొరికిన తప్పు వచ్చే విడతలో దిద్దొచ్చు. దిద్దిన తేదీ, ఏ పేజీలో ఏం మారిందీ పుస్తకం మొదటి పేజీల్లోనే వెయ్యొచ్చు, పాత కాపీ కొన్నవాళ్ళు కూడా పెన్సిలు తీసుకుని మార్చుకుంటారు.