సాక్షి కన్ను, నిందితుని నోరు

మదనపల్లె టమోటా మార్కెట్టులోనో, పుంగనూరు సంతలోనో, కుప్పం రైలుస్టేషనులోనో క్షణకాలము చూచిన దొంగ ముఖము ఎంతకాలము జ్ఞాపకముండును? అందుకే మేజిస్ట్రేటు సమక్షమున, పోలికగల పలువురి నడుమ నిందితుని నిలిపి గుర్తింపుమందురు. ముందే ఠాణాలో అతనిని సాక్షికి చూపినచో ఆ గుర్తింపు విలువ క్షీణించును.

నోటికిని రక్షణ గలదు. తనకు ప్రతికూలముగా సాక్ష్యమిమ్మని నిందితుని నిర్బంధింపరాదని రాజ్యాంగము 20(3) అధికరణము శాసించుచున్నది. ఇది పోలీసు విచారణకును వర్తించునని 1978లో నందినీ శతపథి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. అయినను, 2007లో విజయవాడ చెంత జరిగిన విద్యార్థిని హత్యకేసులో నేరమొప్పుకొనెనని పోలీసులు చెప్పిన యువకుడు నిర్దోషియని హైకోర్టు 2017లో తేల్చునప్పటికి, అతని యౌవనమున ఎనిమిదేండ్లు చెరలో గడచినవి. హతురాలి తల్లిదండ్రులకు దక్కిన న్యాయమేది?

దుర్బలుని నోట బలవంతముగా పలికించిన మాట అసలు దోషికి తప్పించుకొను దారి. ఉపాధ్యాయులు ఈ అధికరణమును వల్లెవేయించుటతో తృప్తిపడక, దాని హేతువును విద్యార్థులకు బోధపరుపవలెను.