మనవాడను మాటయే పూచీయా?

తాయిల్పట్టి, కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములలోని మన తెలుగు కుటుంబములలో పిల్లవానిని విదేశమునకు పంపదలచిన తండ్రి మొట్టమొదట అడుగు ప్రశ్న “ఆ ఏజెంటు మనవాడేనా?” అని. మనవాడే అని ఎవరైనను చెప్పినచో రెండవ ప్రశ్న లేదు. పొలము తాకట్టు పడును. ఇల్లాలి నగలు బ్యాంకు చేరును. పాస్‌పోర్టు ఏజెంటు పెట్టెలోనికి పోవును. రసీదు అడుగుట మాత్రము మర్యాద కాదట! ఈ మర్యాదను గూర్చియే మేము నేడు వ్రాయుచున్నాము.

ఊరు విడిచి పోవుట తప్పని మేము అనము. మన పూర్వులు ఉత్తరమునుండి ఈ నల్లరేగడి నేలకు వలస వచ్చినవారే. కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ గారి ‘గోపల్ల గ్రామము’ నవలకు ఆ వలసయే వస్తువు. వలస వచ్చినవారి సంతతి వలసపోవువారిని నిందించుట చెల్లదు. వాననీటి సేద్యమునో, మందుగుండు పనినో విడిచి మేలైన బ్రతుకు కోరు యువకుని మేము మెచ్చుకొందుము. అయితే అతని బ్రతుకును ఎవరి చేతిలో పెట్టుచున్నామో విచారింపవలదా?

‘మనవాడు’ అను మాటకు ఒక చరిత్ర కలదు. సింహళపు తేయాకు తోటలకును, మలయా రబ్బరు తోటలకును కూలీలు కావలసివచ్చినప్పుడు దొర మన వీథికి రాలేదు. తన తోటలోని కంకాణిని అతని స్వగ్రామమునకే పంపెను. కంకాణి తన కులమువారిని, బంధువులను కూర్చుకొని, దారి ఖర్చునకు అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఎక్కించెను. ఆ అడ్వాన్సే పిదప సంకెలయ్యెను. సింహళమున కూలి అప్పును వ్రాసిన ‘తుండు’ అను చీటి తీరనిదే అతడు తోట మారుటకు వీలు లేకపోయెను. ఆ పద్ధతి 1921లో గాని రద్దు కాలేదు. మలయాకు కూలీలను ఆ విధముగా పంపుటను భారత ప్రభుత్వము 1938లో నిలిపివేసెను. గోదావరి, విశాఖ మండలములనుండి తెలుగువారిని రంగూనుకు కొనిపోయిన మేస్త్రీలును ఇట్టివారే. బంధుత్వమే ఆ వ్యాపారమునకు మూలధనము.

అది గతించిన కథ అందురేమో. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అను సంస్థపై అధికారులు దాడి చేసిరి. అందు చేరిన వెయ్యికి మించిన విద్యార్థులలో అత్యధికులు ఆంధ్రదేశమునుండి పోయినవారు. కొందరి కాళ్లకు ఆచూకీ తెలుపు రేడియో పట్టీలు తగిలించిరి. క్రొత్తవారిని చేర్చిన విద్యార్థికి రుసుములో వాటా ఇచ్చుట ఆ సంస్థ పద్ధతి. అనగా స్నేహితుడే స్నేహితునకు కంకాణి. 2019లో మిషిగన్ రాష్ట్రమున, అమెరికా ప్రభుత్వమే పన్నిన ఫార్మింగ్టన్ అను నకిలీ విశ్వవిద్యాలయపు వలలో మరల మన పిల్లలు చిక్కిరి. వారిని చేర్పించినందులకు ఎనమండుగురిపై అభియోగము మోపగా, వారిలో పలువురు తెలుగువారే. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు మరియొక దందాను బయటపెట్టిరి: కంప్యూటరులో వివరములు ఎక్కించు ఉద్యోగమని నమ్మించి, తెలుగు యువకులను కంబోడియాకు పంపి, అచట పాస్‌పోర్టులు లాగికొని, ఫోనుల ద్వారా జనులను మోసగించు పనిలో నిర్బంధించిరి. ఇందు ఎచ్చటనైనను పరాయివాడు మొదట తలుపు తట్టెనా?

“సర్కారు అనుమతి ఉన్నవాడును మోసము చేయడా?” అని కొందరు అడుగుదురు. చేయవచ్చును. కాని అనుమతి గలవానికి ఒక నమోదు సంఖ్య ఉన్నది, ప్రభుత్వము కట్టించుకొన్న జామీను ఉన్నది, ఫిర్యాదు చేయుటకు చోటు ఉన్నది. అనుమతి లేని మనవాని వద్ద అతని మాట తప్ప ఏమున్నది? మాటను కోర్టులో దాఖలు చేయలేము.

కావున ఇవి తెలిసికొనవలెను. 1983 నాటి వలస చట్టము ప్రకారము నమోదు పత్రము లేనివాడు ఎవరినైనను విదేశపు ఉద్యోగమునకు చేర్చుట నేరము. నమోదైన ఏజెంట్ల పట్టికను కేంద్ర ప్రభుత్వపు ‘ఈ-మైగ్రేట్’లో ఎవరైనను చూడవచ్చును. ఆ నమోదు నేటికి చెల్లునో, రద్దయ్యెనో కూడ చూడవలెను. ఏజెంటు పుచ్చుకొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. ఇంతకు మించరాదు, రసీదు ఇయ్యక తప్పదు. పదవ తరగతి దాటనివారు సౌదీ అరేబియా, కువైట్, మలేషియా మొదలగు 18 దేశములకు పనికి పోవుటకు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. వీరికి పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా కలదు. యజమాని ఒప్పందము, పని వీసా చేతికి రాక ముందే విమానము ఎక్కుమనువాడును, “పర్యాటక వీసాపై పొమ్ము, అచట మార్చుకొందువు” అనువాడును నిన్ను పంపువాడు కాడు, అమ్మువాడు. నమోదు ఒకని పేర ఉండి, డబ్బు పుచ్చుకొనువాడు మరియొకడైనను అచ్చటనే ఆగవలెను.

చదువునకును, స్థిరనివాసమునకును పంపు సలహాదారుల సంగతి వేరు. 1983 చట్టము ఉద్యోగమునకు పోవువారికే గాని వీరి వ్యాపారమునకు వర్తింపదు. ఇచ్చటనే మోసగాండ్రకు మైదానము దొరకినది. అట్లయినను ఆయా దేశముల నియమములు కలవు. కెనడా దరఖాస్తునకు రుసుము పుచ్చుకొని సలహా చెప్పువాడు న్యాయవాదియో, కాకున్న 2021లో ఏర్పడిన సలహాదారుల కాలేజీలో సభ్యుడో కావలెను. ఆ సభ్యుల పట్టిక బహిరంగము. వీసా ఇచ్చువాడు ఆ దేశపు అధికారి. “తప్పక వచ్చును, నాది పూచీ” అను సలహాదారు తనది కాని వస్తువును అమ్ముచున్నాడు. దొంగ బ్యాంకు కాగితములు, దొంగ అనుభవ పత్రములు సృష్టించి ఇచ్చెదనన్నచో ఇక చెప్పవలసినదేమి? పట్టుబడినప్పుడు దరఖాస్తుపై సంతకము పిల్లవానిది.

ప్రభుత్వమును కూడ మేము విడిచిపెట్టము. 1983లో చట్టము చేసినవారు అనుమతి లేని ఏజెంటుకు విధించిన శిక్ష రెండు సంవత్సరముల వరకు ఖైదు, రెండు వేల రూపాయల వరకు జుర్మానా. ఒక్క యువకుని వద్ద లక్షలు గుంజువానికి రెండు వేలు ఒక శిక్షయా?

అయినను మన లోపమే మొదట దిద్దుకొనదగినది. మన ఇండ్లలో తెలుగు మాటలాడుదురు, తమిళము చదువుదురు; ఒప్పంద పత్రమో ఇంగ్లీషులో ఉండును. తెలుగున తీయగా మాటలాడువాడు వచ్చి “సంతకము పెట్టు, మామా” అన్నచో పెట్టుదురు. మోసపోయిన పిదప “ఊరిలో పరువు పోవును” అని నోరు మూసికొందురు. ఆ మౌనమే ఏజెంటుకు ప్రక్క వీథిలో క్రొత్త బేరము తెచ్చిపెట్టుచున్నది. పెండ్లిపందిట అతనికి ముందువరుసలో కుర్చీ వేసి, మోసపోయిన కుటుంబమును వెనుక నిలబెట్టుట మన పెద్దలకు తగునా?

మా కోరిక మూడు మాటలలో చెప్పుచున్నాము. ఇంగ్లీషు చదివిన యువకులు ప్రతి గ్రామమునను ఇట్టి కాగితములను చదివి అర్థము చెప్పుటకు పూనుకొనవలెను. పెద్దలు నమోదు సంఖ్య చూడనిదే ఏ ఏజెంటు పేరునైనను సిఫారసు చేయరాదు. మోసపోయినవారు దాచక పోలీసులకును, వలసదారుల సంరక్షణ కార్యాలయమునకును వ్రాతమూలముగా తెలుపవలెను.

నిజముగా మనవాడైనచో నమోదు పత్రము చూపుటకు సంకోచింపడు, రసీదు ఇచ్చుటకు కోపింపడు. కోపించినవాడు మన భాష మాటలాడినను మనవాడు కాడు.