నవాబు గారి దూరదర్శిని



ఖగోళ శాస్త్రంలో పేరెన్నికగన్న ముస్లిముల గురించి అడిగితే అల్ బత్తానీ, అల్ బీరూనీ, ఉలుగ్ బేగ్‌ల పేర్లు మీలో చాలామంది చెబుతారు. వారంతా దూరదేశాలవారు, శతాబ్దాల నాటివారు. అందువల్ల నక్షత్రాలను కొలవడం మనకు సంబంధించిన పని కాదేమో అనిపించవచ్చు. ఈ నెల మేము పరిచయం చేస్తున్న వ్యక్తి మాత్రం మన హైదరాబాదు వాస్తవ్యుడు. ఆయన పేరు నవాబ్ జఫర్ జంగ్.

ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంనాటి ఉన్నత వంశీకుడు. సంపన్నులు తమ ధనాన్ని ఎన్నో విధాలుగా ఖర్చు చేస్తారు. ఈ నవాబు గారు ఇంగ్లండు నుండి 15 అంగుళాల కటకం గల గొప్ప దూరదర్శినిని తెప్పించారు. 1901లో హైదరాబాదులోని ఫిసల్‌బండ వద్ద వేధశాలను నెలకొల్పారు. దానికి తన పేరు పెట్టుకోలేదు. ‘నిజామియా’ అని పేరు పెట్టారు. 1907లో ఆయన మరణించారు. ఆ మరుసటి సంవత్సరం సంస్థాన ప్రభుత్వం వేధశాలను తన అధీనంలోకి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది.

ఆ రోజుల్లో ప్రపంచ దేశాల వేధశాలలు కలిసి ఒక మహాకార్యాన్ని చేపట్టాయి. ఆకాశాన్ని భాగాలుగా పంచుకొని, ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, నక్షత్రాల పట్టికను తయారుచేయడమే ఆ కార్యం. దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి కేటాయించిన భాగం అక్కడ పూర్తికాకపోవడంతో ఆ బాధ్యతను హైదరాబాదు స్వీకరించింది.

ఈ పని ఎలా జరిగేదో ఊహించండి. రాత్రివేళ గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటో తీసేవారు. పగటివేళ ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ప్రతి చుక్క అడ్డంగా ఎంత దూరంలో ఉన్నదో, నిలువుగా ఎంత దూరంలో ఉన్నదో కంటితో చూసి కొలిచి, పుస్తకంలో రాసేవారు. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఈ విధంగా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచారు. సంచాలకులుగా మొదట ఛాట్‌వుడ్, పోకాక్ అనే ఆంగ్లేయులు, 1918 నుండి టి.పి. భాస్కరన్, 1944 నుండి అక్బర్ అలీ పనిచేశారు. ఒకరు ఆపిన చోట మరొకరు అందుకున్నారు. మతం, దేశం ఈ పనికి అడ్డు రాలేదు.

ఇంత శ్రమ దేనికి? నక్షత్రాలు కూడా కదులుతాయి. అయితే అవి మనకు అత్యంత దూరంలో ఉన్నందువల్ల ఆ కదలిక ఒక మనిషి జీవితకాలంలో కంటికి తెలియదు. పాత స్థానం తెలిస్తేనే కొత్త స్థానంతో పోల్చగలం. 1989లో ఐరోపావారు ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాలను కొలిచింది. ఆ కొలతలతో 2000లో వెలువడిన ‘టైకో-2’ పట్టికలో నక్షత్రాల కదలికను లెక్కగట్టడానికి శాస్త్రవేత్తలకు ఆ పాత గాజు పలకల కొలతలే ఆధారమయ్యాయి. జఫర్ జంగ్ గారు ఈ ఫలితాన్ని చూడలేదు.  మరణానంతరం కూడా మేలు చేస్తూనే ఉండే విద్య గురించి మీరు మక్తబులో వినే ఉంటారు. దానికి ఇది మన ఇంటి ముంగిటి ఉదాహరణ.

ఇక మీరు చేయవలసిన పని. ఇంటి ఆవరణలో చదునైన నేల మీద ఒక కర్రను నిటారుగా పాతండి. ఉదయం పదకొండున్నర నుండి మధ్యాహ్నం ఒంటిగంట వరకు, ఐదు నిమిషాలకొకసారి నీడ కొనను సుద్దతో గుర్తించి, పక్కన సమయం రాయండి. సూర్యుని వైపు సూటిగా చూడకండి; నీడను మాత్రమే చూడండి. నీడ అతి పొట్టిగా ఉన్న క్షణమే మీ ఊరికి నిజమైన మధ్యాహ్నం. నీడ మళ్లీ పెరగనారంభించాక జుహర్ వేళ మొదలవుతుంది.

హైదరాబాదులో ఉన్న మీ మామూజాన్ పిల్లలనో, ఫూఫీ పిల్లలనో అదే రోజు ఇలాగే చేయమనండి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. హుజూర్‌నగర్ హైదరాబాదుకు సుమారు డిగ్రీన్నర తూర్పున ఉంది. కనుక హుజూర్‌నగర్ పిల్లలకు మధ్యాహ్నం సుమారు ఐదారు నిమిషాలు ముందుగా వస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ ఐదు నిమిషాలు పిల్లల ఆట మాత్రమే కాదు. రమజానులో హైదరాబాదు వేళల పట్టికను చూసి హుజూర్‌నగర్‌లో సహరీ తింటే, ఉపవాస సమయం మొదలైన తర్వాత కూడా ఆఖరి ముద్ద నోట్లో ఉంటుంది. మీ ఊరి కోసం లెక్కకట్టిన పట్టికనే గోడకు తగిలించండి. ఆ తేడా ఎందుకు వస్తుందో మీ పిల్లలనే అడగండి. కర్ర నీడను కొలిచిన పిల్లలు చక్కగా వివరిస్తారు.

మీరు గుర్తించిన సమయాలను తేదీతో, ఊరి పేరుతో మాకు రాసి పంపండి.